చిప్పు మీద పేరు

కుప్పం
జూన్ నెల

సుమతి వదినకు,

మరదలు రేఖ రాస్తున్నది. పుంగనూరు ఎంత దూరమని, ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకని నవ్వకు. ఫోన్లో నేను నోరు తెరవగానే నువ్వు "పోనీలేమే, గమ్మునుండు" అంటావు. నేను చల్లబడిపోతాను. ఈసారి నాకు చల్లబడాలని లేదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం పడలేవు.

నిన్న పేపర్లో మా కంపెనీ ఫోటో వచ్చింది, చూశావా? "కుప్పం యువకుడి ఘనత" అని పెద్ద అక్షరాలు. మధ్యలో చిప్పు పట్టుకుని పళ్లికిలిస్తున్నవాడు కుమార్. మా ఓనరు గంగాధరం అక్క కొడుకు. చెయ్యి తెగినవాళ్లకు మిగిలిన నరంలో మాట ఉంటుంది. ఆ మాట విని కృత్రిమ చేతిని కదిలించే చిప్పు అది. నాది వదినా ఆ చిప్పు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా నాది. మూడేళ్లు దాని ముందు కూర్చుంటే కళ్లజోడు వచ్చింది నాకు, పేరు వచ్చింది వాడికి. ఫోటోలో దాన్ని తిరగేసి పట్టుకున్నాడు, చూడు. ఏది ముందో ఏది వెనకో తెలియని వెధవ.

మార్చిలో జరిగింది నీకు చెప్పలేదు. డిజైను తయారీకి పంపబోయే ముందు అందులో ఒక తప్పు కనిపెట్టాను. నేను చేసిన తప్పే. సరిచేయడానికి ఒక వారం కావాలని చెప్పడానికి గంగాధరం గదిలోకి వెళ్లాను. ఆయన కంప్యూటర్లో పేటెంటు కాగితం తెరిచి ఉంది. "తయారు చేసినవారు" అన్న చోట ఒకే పేరు, కుమార్. ఇదేమిటి సార్ అని అడిగాను. ఆ మనిషి తల కూడా ఎత్తలేదు. "బొమ్మ గీసింది నువ్వేలేమ్మా, బుర్ర మావోడిది. గొర్రెలు మేపుకునే ఇంట్లోంచి వచ్చి ఏసీలో కూసోనుండావు. అది సాలదా?" అన్నాడు.

నేను వచ్చిన పని చెప్పకుండానే తిరిగి వచ్చేశాను. చిప్పు ఆ తప్పుతోనే వెళ్లింది, ఆ తప్పుతోనే తయారై వచ్చింది. అదేమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీకు కూడా చెప్పను.

మా నాన్న గొర్రెలు మేపాడు. ఎవరి గొర్రెనూ తన మందలో కలుపుకోలేదు. నాకు రెండే కావాలి. గంగాధరం పరువు నలుగురిలో పోవాలి. ఆ కాగితం మీద కుమార్ పేరు పోయి నా పేరు రావాలి. అంతవరకు నేను నోరు విప్పను. దొంగకు తేలు కుట్టినట్టు ఆ మామా అల్లుళ్లు నిలబడితే చూడాలని ఉంది.

అమ్మకు చెప్పకు.

రేఖ

పుంగనూరు
జూన్ నెల

రేఖమ్మకు,

నీ ఉత్తరం వచ్చేసరికి ఒక ఎనుము కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాను. దూడ అడ్డం తిరిగింది. అది బయటపడ్డాక చెయ్యి కడుక్కుని చదివాను. చదివాక, అడ్డం తిరిగిన దూడే నయమనిపించింది. దాన్ని తిప్పడం నాకు వచ్చు.

కోపం రావడం న్యాయమే. నీకు జరిగింది అన్యాయమని ఎవరి ముందైనా చెబుతాను. కానీ చెరపకురా చెడేవు అని ఊరికే అనలేదు పెద్దలు. వకీలును కలువు. పేటెంటు ఆఫీసుకు రాయి. తప్పు ఉన్న సంగతి చెప్పేసి, "నేను చేశాను కాబట్టే నాకు తెలుసు" అను. అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? నీ ముక్కు మీద కోపం నాకు కొత్త కాదు. మేనత్త ఇల్లని మీ ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో, నీ పెన్సిలు విరిచానని నువ్వు నా జడను మంచానికి కట్టేసిన దానివి.

ఇక్కడి సంగతులు. నా పశువుల ఆసుపత్రి బాగానే నడుస్తోంది. సదుం వైపు మందలవాళ్లు తొలి ఈతకు నన్నే పిలుస్తున్నారు. ఆ ఏడు మొదటి పిల్ల నా చేతుల్లో పడితే మందంతా బాగుంటుందని వాళ్ల నమ్మకం. నా హస్తవాసి అలాంటిదట. కాలేజీలో ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. కానీ బోర్డు మీద డిగ్రీ చూసి నా దగ్గరికి వచ్చినవాడు ఒక్కడూ లేడు, చెయ్యి చూసి వచ్చినవాళ్లే అందరూ. నాకు అన్నం పెట్టేది ఆ మాటే.

ఇప్పుడు అసలు విషయం. నీ గంగాధరం నిన్న కారేసుకుని నా గుమ్మంలోకి వచ్చాడు. మనం బంధువులమని ఆయనకు తెలియదు. గొర్రె వెనక కాలి నరం దగ్గర చిప్పు పెట్టి పరీక్షించాలట. అనుమతి కాగితాలు చూపించాడు, సరిగానే ఉన్నాయి. ఉప్పునీళ్లలో పెట్టి చూసే పరీక్ష ఒక పూటలో ముగించేశారట. నవంబరులో మదనపల్లెలో పెద్ద సభ ఉంది, తొందరగా కావాలి అంటున్నాడు. ఆపరేషన్ నన్ను చేయమంటున్నాడు.

నువ్వు వద్దంటే ఇప్పుడే వద్దంటాను. ఒక్కటి మాత్రం సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ తప్పు వల్ల జీవానికి ఏమైనా అవుతుందా?

నీ వదిన
సుమతి

కుప్పం
జూలై నెల

వదినా,

ఏమీ కాదు. సిగ్నల్ సరిగా పట్టదు, అంతే. నువ్వు నిశ్చింతగా చెయ్యి.

వకీలు, పేటెంటు ఆఫీసు అన్నావు. అక్కడ తేలేసరికి నాకు తల నెరుస్తుంది. తప్పు సంగతి చెబితే ఏమవుతుందో తెలుసా? "థాంక్సమ్మా" అని సరిచేయించుకుంటారు. తప్పు లేని చిప్పు మీద కుమార్ పేరు ఇంకా నిగనిగలాడుతుంది. అంత మంచిదాన్ని కాను నేను.

నువ్వు ఒప్పుకుంటే నాకే మంచిది. లోపల నా మనిషి ఒకరుంటారు. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో, తెర మీద ఏం కనబడుతోందో నాకు రాస్తూ ఉండు.

తెర మీద ఏం చూడాలో చెబుతాను. నరంలో ఒక్కో కణం పలికే మాట చాలా చిన్నది. మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం పాట జోరుగా సాగుతుంటే, ఆ చివర ఒక అవ్వ మనవరాలి చెవిలో ఏదో చెబుతుంది. ఈ చివర నిలబడి ఆ మాట వినాలి. గొర్రె కండ కదిలితే రొద, ఊపిరి తీస్తే రొద, గోడలో కరెంటు తీగ కూడా రొదే. అదంతా వదిలేసి ఆ ఒక్క మాటను పట్టుకుని వంద రెట్లు పెద్దది చేసి పంపాలి. చిప్పులో నరాన్ని తాకే గడప ఒకటి ఉంటుంది. అక్కడ ఏ మాత్రం రొద పుట్టినా అవ్వ మాట అందులో కలిసిపోతుంది. మూడేళ్లూ నేను ఆ గడప దగ్గరే కూర్చున్నాను వదినా. ఇప్పుడు ఆ గడప దాటి ఇంట్లోకి వచ్చి, పీట వేసుకుని భోంచేస్తున్నది ఎవరు?

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. మదనపల్లెలో అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఉత్తరాలు అక్కడికి రాయి.

రేఖ

పుంగనూరు
ఆగస్టు నెల

రేఖమ్మకు,

నువ్వు ఏమీ కాదన్నావు కాబట్టి ఒప్పుకున్నాను. ఆపరేషన్ అయిపోయింది.

గొర్రె కోసం సదుం దగ్గర అక్కమ్మను అడిగాను. ముసలామె, ఒంటరిది, మంద మీదే బతుకు. గంగాధరం పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపింది. తర్వాత నా మొహం చూసి, మందలోంచి నల్లమూతి గొర్రెను ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "కంపెనోల్లకు గాదమ్మా, నీ సేతికిస్తాండాను. అంతే మల్ల" అంది. మంచి గొర్రె. రెండు ఈతలు ఈనింది. కళ్లలో భయం లేదు.

నరాన్ని ఇంత దగ్గరగా, ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ తాకలేదు. నీ చిప్పు నా చిటికెన గోటిలో సగం లేదు. దాని లోహపు కొనలు నరానికి ఆనించి కుట్టేసరికి చెమటలు పట్టాయి. బ్యాటరీ పెట్టెను గొర్రె వీపుకు పట్టీతో కట్టాం.

మూడో రోజు అది లేచి నడిచింది. కుమార్ కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. స్పీకరులో మొదట ఒట్టి బుసబుస. గొర్రె కాలు ఎత్తగానే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు మొదలయ్యాయి. కాలు దించితే ఆగాయి. ఎత్తితే మళ్లీ. రేఖా, నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా జీవాల ఒళ్లు కోస్తున్నాను, కుడుతున్నాను. లోపల అవి ఇలా మాట్లాడుకుంటాయని వినలేదు నేను. అందరూ కుమార్ చేతులు పట్టుకుని ఊపుతున్నారు. ఇది మా రేఖది అని అరవాలనిపించింది. నువ్వు సిగ్నల్ పట్టదన్నావు, ఇదేమో గుక్క తిప్పుకోకుండా పట్టేస్తోంది. నీ తప్పు కూడా ఇంత బాగుంటుందా?

కోపం పక్కన పెట్టి ఒకసారి వచ్చి విను. నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంది.

నీ వదిన
సుమతి

మదనపల్లె
ఆగస్టు నెల

వదినా,

వాళ్లు చేతులు ఊపుకుంటుంటే నన్నొచ్చి చప్పట్లు కొట్టమంటావా? నేను రాను.

ఇక్కడ అమ్మ పోరు. "వుజ్జోగం యాల ఇడిసినావే? నీ తోటోల్లంతా బెంగుళూరులో ఉండారు, నువ్వు ఈడ సింతపండు గింజలు తీస్తాండావు" అని పొద్దున లేస్తే ఇదే పాట. చింతపండు గింజలు తీయడం మంచి పనే. ఒక్కో గింజా తీసేటప్పుడు ఒక్కో పేరు తలుచుకుంటున్నాను. ఉన్నవి రెండే పేర్లు.

ఒకటి అడగాలి. ఆ చిప్పును రోజంతా ఆన్‌లోనే ఉంచుతున్నారా? పరీక్ష కాగానే ఆపుతున్నారా? ఊరికే అడుగుతున్నాను.

రేఖ

పుంగనూరు
సెప్టెంబరు నెల

రేఖా,

రోజంతా ఆన్‌లోనే ఉంది. సభలోపల వీలైనంత రికార్డు చేయాలని కుమార్ బ్యాటరీ మారుస్తూనే ఉన్నాడు.

కానీ ఇప్పుడు ఆ చిటపటలు పలచబడ్డాయి. అది కాదు నా బాధ. నల్లమూతి కాలు ఈడుస్తోంది. మొదట ముల్లు అనుకున్నాను. డెక్క చూశాను, కీలు చూశాను, ఏమీ లేదు. గుచ్చినా ఆ కాలికి తెలియడం లేదు. నేను పట్టుకున్న నరమే చచ్చిపోతోంది.

నా చెయ్యే చేసింది. ఇంకెవరు చేస్తారు? కుట్టేటప్పుడు గట్టిగా లాగానేమో, కత్తి మొన తగిలిందేమో. ఆ రోజును మనసులో మళ్లీ మళ్లీ నడిపించుకుంటున్నాను. ఎక్కడ తప్పానో దొరకడం లేదు. దొరకకపోవడమే భయంగా ఉంది. నిన్న ఒక మేకపిల్లకు చిన్న గడ్డ కోయాల్సి వస్తే, కత్తి తీసి మళ్లీ కింద పెట్టేసి మందు రాసి పంపేశాను.

అక్కమ్మ వచ్చి చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గొర్రె కాలు నిమిరి, "పోనీలేమ్మా, ఆ పొద్దు నీ సెయ్యి బాగుండలేదేమో" అని వెళ్లిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

చిప్పు తీసేద్దామని ఉంది. గంగాధరం సభ అయ్యేదాకా వద్దంటున్నాడు. నువ్వు ఆ చిప్పు పుట్టు పూర్వోత్తరాలు తెలిసినదానివి. తీసేయనా? నువ్వు తీసేయమంటే ఆయన కాళ్లూ వేళ్లూ పట్టుకుని అయినా తీసేస్తాను.

సుమతి

మదనపల్లె
సెప్టెంబరు నెల

వదినా,

మనసు పాడు చేసుకోకు. నీ చెయ్యి అలాంటిది కాదు. అంత మంది నీ హస్తవాసి, నీ హస్తవాసి అంటుంటే దిష్టి తగలదా? ఆదివారం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయించుకో. గొర్రెలకు కాలు పట్టడం కొత్తేమీ కాదు కదా, వానాకాలం కూడాను.

చిప్పు ఇప్పుడు తీయొద్దు. సభ దాకా ఓపిక పట్టు. తర్వాత అంతా సర్దుకుంటుంది, నా మాట విను.

రేఖ

పుంగనూరు
నవంబరు నెల

రేఖా,

నీ మాట విన్నాను. దిష్టి కూడా తీయించుకున్నాను.

సభ సంగతి నీకు తెలిసే ఉంటుంది, మదనపల్లె అంతా చెప్పుకుంటున్నారు. అయినా నేను రాస్తాను. నాకు శాలువా కప్పుతామని పిలిచారు. పట్టుచీర కట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను. బెంగుళూరు నుంచి డబ్బు పెట్టేవాళ్లు, డాక్టర్లు వచ్చారు. నల్లమూతిని వేదిక మీదికి మోసుకొచ్చారు. అది మూడు కాళ్ల మీద నిలబడి హాలంతా బెదురుగా చూసింది. కుమార్ మీట నొక్కాడు. స్పీకరులో బుసబుస తప్ప ఏమీ లేదు. తెర మీద ఒట్టి రొద. కుమార్ తీగలు పీకి మళ్లీ పెట్టాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

గంగాధరం మైకు తీసుకున్నాడు. మొహంలో ఒక్క చెమట చుక్క లేదు. "చిప్పులో దోషం లేదండీ. కోసిన చెయ్యి మంచిది గాదు. కత్తి జారి నరం తెగింది. డాక్టరమ్మ ఈడే ఉండాది, మీరే అడగండి" అన్నాడు. హాలంతా తిరిగి నన్ను చూసింది. కాదు అనడానికి నా దగ్గర ఏముంది రేఖా? నేనూ అదే అనుకుంటున్నాను కదా. తల దించుకుని లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఈతల కాలం. సదుం నుంచి ఒక్క కబురు లేదు. బి.కొత్తకోట నుంచి వేరే డాక్టరును పిలిపించుకుంటున్నారు. అక్కమ్మ మంద కూడా తొలి పిల్లను ఆయన చేతుల్లోనే దించింది. వాళ్లను ఏమీ అనలేను. నల్లమూతిని నా దగ్గరే వదిలేశారు. కొట్టంలో పడుకుని ఉంది, మేత ముట్టడం లేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టుంది నా పని. కత్తులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. సంక్రాంతిలోపు ఆసుపత్రి మూసేసి ఎక్కడైనా మందుల షాపులో కూర్చుంటాను.

సుమతి

మదనపల్లె
నవంబరు నెల

వదినా,

పెట్టె తాళం తియ్యి. నీ చెయ్యి మంచిదే. నీ చేతికి ఏ పాపం తెలియదు.

ఆ ముసలి నక్క ఎంత పని చేశాడు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు నీ మీదికి నెట్టేసి నవ్వుతూ దిగిపోయాడు. ఆ సభకు నేనూ వచ్చాను. వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. వాడు కూలిపోతే కళ్లారా చూద్దామని వచ్చాను. వాడు కూలలేదు. నా రక్తం ఉడికిపోయింది.

ఇక దాచను. తప్పు ఇదీ. చిప్పులో గడప అన్నానే, అక్కడ ఒక చిన్న కెపాసిటర్ ఉండాలి. నరం మాటను లోపలికి రానిస్తుంది, చిప్పులో కరెంటును బయటికి పోనివ్వదు. స్థలం కలిసొస్తుందని నేను దాన్ని తీసేశాను. గది వేడిలో లెక్క చూస్తే కరెంటు కారడం లేదు. మార్చిలో ఒంటి వేడికి లెక్క వేస్తే కారుతోంది. చాలా కొంచెం. ఒక పూట ఉప్పునీళ్లలో తెలియదు. వారాల తరబడి నరానికి ఆనించి ఉంచితే ఆ కరెంటు లోహాన్ని తినేస్తుంది, పక్కనున్న కండను కాలుస్తుంది. గంటో రెండు గంటలో పెట్టి ఆపేస్తారనుకున్నాను. రోజంతా ఆన్‌లో ఉందని నువ్వు రాసినప్పుడే నాకు అర్థమైంది. అప్పుడు చెబితే వాడు జాగ్రత్తపడి సభ ఆపేసేవాడు. అందుకని చెప్పలేదు. నువ్వు నొచ్చుకున్నావని తెలుసు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు వాడు తప్పించుకోకూడదు.

మిగిలిన చిప్పులన్నీ పిండి చేయించాడని తెలిసింది. నల్లమూతి ఒంట్లో ఉన్నదొక్కటే మిగిలింది. అది ఎలాగూ బతకదు. విప్పి చిప్పు తియ్యి. నరం చుట్టూ కాలిన గుర్తు ఉంటుంది, కత్తి గాటు ఉండదు. అది చిప్పు దోషమని నువ్వు డాక్టరుగా రాసివ్వు.

ఇంకొకటి. చిప్పులు గీసేవాళ్లకు ఒక అలవాటు ఉంది. పై లోహపు పొరలో ఒక మూల, కంటికి కనబడనంత చిన్నగా తమ గుర్తు ఏదో ఒకటి వేసుకుంటారు. నేను మా నాన్న మంద చెవి గుర్తు వేశాను. రెండు చెవులు, వాటి మీద కోతలు. నాన్న పోయి మంద అమ్మేశాక అది ఇంకెక్కడా లేదు. ఆ చిప్పును సూక్ష్మదర్శిని కింద పెట్టి ఫోటో తీయించు. అది నాదేనని ఇక ఎవరూ కాదనలేరు. దొంగతనం, దోషం రెండూ ఒకే దెబ్బకు బయటపడతాయి. ఈసారి వాడు బతకకూడదు వదినా.

రేఖ

పుంగనూరు
డిసెంబరు నెల

రేఖ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. అడిగారు కాబట్టి ఇస్తున్నాను.

పెట్టె తాళం తీశాను. నల్లమూతిని బల్ల మీద పడుకోబెట్టి పాత కుట్ల చోటే కోసి చూశాను. మీరు రాసినట్టే ఉంది. లోహపు కొనలు నల్లబడి, చుట్టూ కండ ఉడికినట్టు తెల్లబడి ఉంది. కత్తి గాటు ఎక్కడా లేదు. చిప్పు తీసి, చచ్చిన కండ తీసేసి మళ్లీ కుట్టాను. ఈసారి కత్తి మధ్యలో కింద పెట్టలేదు. ఎలాగూ బతకదన్నారు మీరు, కానీ అది బతికింది. మేత తింటోంది. ఆ కాలు మాత్రం ఇక రాదు.

సభలో వెనక తలుపు దగ్గర నిలబడింది మీరేనని నాకు అప్పుడే అనిపించింది. నా కోసం వచ్చారనుకున్నాను. తల దించుకుని బయటికి వచ్చానే, మీ కోసమే వచ్చాను. రోడ్డు మీద, బస్టాండులో వెతికాను, దొరకకపోయేసరికి పొరబడ్డాననుకుని ఉత్తరంలో ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఎవరి భుజమైనా కావాల్సి వచ్చింది నాకు. జీవానికి ఏమైనా అవుతుందా అని నేను సూటిగా అడిగాను. కాదన్నారు. చిప్పు తీసేయనా అని అడిగాను. వద్దన్నారు. గంగాధరం నన్ను ఒక్కసారి అవమానించాడు, అదీ పరాయివాడు. మీరు రెండు నెలలు నా ఏడుపు చదువుతూ కూర్చున్నారు.

అందుకని మీరు అడిగిన పని శ్రద్ధగా చేశాను. చిప్పుకు ఫోటో తీయించాను. రెండు చెవులు స్పష్టంగా వచ్చాయి. ముందుగా అక్కమ్మకు చూపించాను. గొర్రె ఆమెది కదా, మొదట చెప్పుకోవాల్సింది ఆమెకే. ఎవరి పేరూ నేను ఎత్తలేదు. ఆ యంత్రం మీద ఉన్న బొమ్మ ఇది అన్నాను, అంతే. ఆమె ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇది మునిరాజ మంద గుర్తు గదమ్మా! ఎడమ సెవికి రెండు గాట్లు, కుడి సెవి కొన కోత. ఆయప్ప గొర్రెలు మా దాంట్లో కలిస్తే ఇది సూసే గదా ఇడదీసేది. దీని మింద యాల ఉండాది?" అంది. అప్పుడు చెప్పాను, మునిరాజ కూతురు చేసిందని, కాలుతుందని తెలిసీ ఊరుకుందని. ఆమె ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేసింది. "గొర్రెలోల్ల బిడ్డకు తెలీదా, గొర్రెకు నొప్పి అయితాదని?" అని మాత్రం అంది. చదువుకున్నవాళ్లెవరికీ అర్థం కాదని మీరు ధైర్యంగా వేసుకున్న గుర్తు, మందలవాళ్లందరికీ చదవడం వచ్చు. సదుం నుంచి బి.కొత్తకోట దాకా ఇప్పుడు మీ పేరు తెలియనివాళ్లు లేరు. మళ్లీ ఈతలకు నన్ను పిలుస్తున్నారు.

పరీక్షకు అనుమతి ఇచ్చిన కమిటీకి రిపోర్టు పంపాను. చిప్పు, ఫోటో, మీ చివరి ఉత్తరం జత చేశాను. విచారణకు గంగాధరాన్ని పిలిచారు. ఆయన ఎంత చప్పున ఒప్పుకున్నాడనుకున్నారు! "మావోడికి ఏమీ సంబంధం లేదు సార్. మొదటి నుంచి కడ దాకా అంతా ఆ రేఖే సేసింది" అని అడగకముందే సంతకం పెట్టాడు. పేటెంటులో అబద్ధపు పేరు పెట్టినట్టు ఆయన నోటితో ఆయనే చెప్పుకున్నాడు. కంపెనీ పరీక్షలు ఆపేశారు, డబ్బు పెట్టేవాళ్లు వెళ్లిపోయారు. ఆయన పరువు నలుగురిలోనూ పోయింది. మీరు కోరుకున్నవి రెండూ జరిగాయి.

కమిటీ ఉత్తర్వు నేను చదివాను. గొర్రె నరాన్ని కాల్చిన చిప్పును తయారు చేసినవారు, దోషం తెలిసీ దాచినవారు అని రాసి, కుమార్ పేరు కొట్టేసి మీ పేరు వేశారు. తండ్రి పేరు, ఊరు పేరు అన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఒక కాపీ మదనపల్లెకు వస్తుంది.

మా అత్తకు చదవడం రాదు కదా. మీరే చదివి వినిపించండి.

ఇట్లు
డాక్టర్ సుమతి